ఆఫీసు ప్రింటర్ స్లో, టకటక సౌండ్ - నేనెలా సరిచేశానంటే

మా ఆఫీసులో ఒక పాత లేజర్ ప్రింటర్ ఉంది, నెల రోజుల నుంచి పేజీ పేజీకీ ఆగి ఆగి వస్తోంది, పైగా పేపర్ లాగేటప్పుడు టకటకమని ఒకటే సౌండ్, పక్క సీట్లో ఫోన్ మాట్లాడ్డం కూడా కష్టమైపోయింది. మెకానిక్ వచ్చి చూసి ఫ్యూజర్ (ఇంకు పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం) పోయింది, మార్చాలన్నాడు. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు, ఫ్యూజర్ పోతే వేలితో రుద్దగానే అక్షరాలు చెరిగిపోవాలి కదా, మాకు ప్రింట్ శుభ్రంగానే వస్తోంది.

ముందు కంప్యూటర్‌లో ప్రింటర్ డ్రైవర్ సెట్టింగ్స్ చూశా. పేపర్ టైప్ థిక్ అని ఉంది! ఎవరో మందం కాగితం మీద సర్టిఫికెట్లు తీసి అలాగే వదిలేశారు. మందం కాగితానికి వేడి బాగా పట్టాలని మెషిన్ కావాలనే స్లోగా తిప్పుతుంది. ప్లెయిన్‌కి మార్చగానే స్పీడ్ వచ్చేసింది.

సౌండ్ మాత్రం పోలేదు. ప్లగ్ పీకేసి, అరగంట చల్లారనిచ్చి (లోపల ఫ్యూజర్ చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది, ఇది మాత్రం మర్చిపోవద్దు) ట్రే బయటికి లాగి చూస్తే పికప్ రోలర్ (ట్రేలోంచి కాగితాన్ని లోపలికి లాగేది) రబ్బరు నున్నగా మెరుస్తోంది, దానినిండా కాగితం పొడి. పీచు రాలని గుడ్డ నీళ్ళలో తడిపి గట్టిగా పిండి తుడిచా, ఆరనిచ్చా. వానాకాలం కదా, ట్రేలో కాగితాలు కూడా చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, కొత్త రీము విప్పి బాగా విదిలించి పెట్టా. టకటక పోయింది. గేర్ల దగ్గర సన్నగా గరగర ఇంకా ఉంది, నూనె మాత్రం వెయ్యలేదు, రోలర్‌కి అంటితే పేపర్ జారిపోతుంది. రోలర్ ఎలాగూ అరిగింది, కొత్తది ఆర్డర్ పెట్టా.