పాత చందమామలకీ కామిక్స్‌కీ కవర్లు, అట్టలు: కొలత నుంచి పెట్టె దాకా

పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో దూర్చేస్తే ఇక నూరేళ్లూ ఉంటుందనుకుంటారు చాలామంది. కవరు ఆపేది దుమ్మునీ, చేతి చెమటనీ, పక్క పుస్తకం రాపిడినీ మాత్రమే. కాగితం పసుపెక్కి, పెళుసుబారి, మడత దగ్గర పుటుక్కున విరిగిపోవడం లోపలి జబ్బు. చవక న్యూస్‌ప్రింటులో కలప గుజ్జు, కలపకి బిగువునిచ్చే లిగ్నిన్ అనే పదార్థంతో సహా ఉండిపోతుంది. వెలుతురూ వేడీ తగిలేకొద్దీ అందులోంచి ఆమ్లం పుడుతుంది, అదే కాగితాన్ని తినేస్తుంది. ఆ ఆమ్లాన్ని కొంతయినా పీల్చుకునేది వెనక పెట్టే అట్ట. కాబట్టి డబ్బులు చాలకపోతే కవరు దగ్గర పిసినారితనం చూపించండి, అట్ట దగ్గర వద్దు.

ముందు స్కేలు, తర్వాతే కొనడం

ఆన్‌లైన్‌లో దొరికే కవర్లలో ఎక్కువ భాగం అమెరికా కామిక్స్ కొలతలవి. అక్కడ పుస్తకం వెడల్పు దశాబ్దాల కొద్దీ తగ్గుతూ వచ్చింది కాబట్టి కవర్లకి కాలాల పేర్లు పెట్టారు. ఇప్పటి పుస్తకాలకి వాడే ‘కరెంట్’ కవరు దాదాపు 6⅞ × 10½ అంగుళాలు. 1956 తర్వాతి కాలానికి ‘సిల్వర్’, 7⅛ × 10½. 1938 నుంచి 1950ల నడిమి దాకా వచ్చిన వాటికి ‘గోల్డెన్’, 7¾ × 10½. ‘మ్యాగజైన్’ సైజు 8¾ × 11 పైచిలుకు. కంపెనీని బట్టి ఎనిమిదో వంతు అంగుళం అటూఇటూ ఉంటుంది. అమెరికాలో ఉండి అక్కడి కామిక్స్ పోగేసే మనవాళ్లకి ఈ పేర్లు చాలు.

1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామకి గానీ, 1967లో మొదలైన అమర్ చిత్ర కథకి గానీ ఈ పేర్లేవీ అతకవు. ఒకే పత్రిక సంచికల్లోనే కటింగ్ తేడాలుంటాయి. కట్టలోంచి ఓ పది పుస్తకాలు తీసి, మూడు కొలతలు రాసుకోండి: వెడల్పు, పొడవు, మందం. మందం పిన్నుల దగ్గర కొలవాలి, తెరుచుకునే అంచు దగ్గర కాదు. పదింటిలో అన్నిటికన్నా పెద్ద కొలతే మీ లెక్కకి ఆధారం.

లెక్క ఇదీ. అట్ట పుస్తకం కన్నా వెడల్పులో 4 మి.మీ., పొడవులో 6 మి.మీ. ఎక్కువుండాలి. కవరు లోపలి వెడల్పు = అట్ట వెడల్పు + పుస్తకం మందం + అట్ట మందం + 2 మి.మీ. వదులు. మీ చేతిలోది 18 సెం.మీ. వెడల్పు, 24 సెం.మీ. పొడవు, 3 మి.మీ. మందం అనుకుందాం. అట్ట 184 × 246 మి.మీ. కోయాలి. అట్ట మందం 0.6 మి.మీ. అయితే కవరు కనీసం 190 మి.మీ. వెడల్పుండాలి, అంటే ఏడున్నర అంగుళాలు. పొడవు 10 అంగుళాలు, పైన మడిచే నాలుక ఒకటిన్నర అంగుళం.

మందం లెక్కలో వేసుకోకపోవడమే అందరూ చేసే పొరపాటు. 32 పేజీల సంచికకి సరిపోయిన కవర్లోనే దీపావళి ప్రత్యేక సంచికని బలవంతంగా దూరుస్తారు. కవరు బిగుసుకుని, అట్ట విల్లులా వంగుతుంది, దాంతోపాటు పుస్తకం వెన్నూ వంగిపోతుంది. రెండేళ్లు అలా ఉంటే బయటికి తీసినా ఆ వంపు పోదు. మరీ వదులైతే ఇంకో తంటా. కదిలించినప్పుడల్లా పుస్తకం లోపల జారి, కింది మూలలు కవరు అతుక్కి కొట్టుకుని మొద్దుబారతాయి.

ప్లాస్టిక్ ఏదో తేల్చుకోవడం

పనికొచ్చేవి మూడు: పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్, పాలియెస్టర్. దగ్గరికి రానివ్వకూడనిది పీవీసీ. పాత ఫైలు కవర్లో పెట్టిన జిరాక్సు కాపీ అంటుకుపోయి, అక్షరాలు కవరు మీదకి ఎక్కడం మీరు చూసే ఉంటారు. పీవీసీని మెత్తగా చెయ్యడానికి కలిపే నూనెలాంటి రసాయనం బయటికి ఊరి చేసే పని అది. బొమ్మల పుస్తకం అట్ట మీది రంగులకీ అదే గతి.

కవరు మీద ఏమీ రాసి లేకపోతే ఇంట్లోనే పరీక్షించొచ్చు. రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, సబ్బు చుక్క కలిపిన గ్లాసుడు నీళ్లలో వేలితో అడుక్కంటా నొక్కి వదలండి. సబ్బెందుకంటే, ముక్కకి గాలి బుడగలు అంటుకుంటే ఫలితం తప్పుతుంది. పైకి తేలితే పాలీప్రొపిలీనో పాలీఎథిలీనో. అడుగునే ఉండిపోతే పీవీసీ గానీ పాలియెస్టర్ గానీ. ఈ రెండిటి తేడా చేతికే తెలుస్తుంది: పీవీసీ మెత్తగా సాగుతుంది, కొత్త రెక్సిన్ వాసనేస్తుంది. పాలియెస్టర్ అద్దంలా తేటగా, బిర్రుగా ఉంటుంది, ఎంత లాగినా సాగదు, వాసన రాదు.

పాలీఎథిలీన్ కిరాణా కొట్లో పప్పులు పోసిచ్చే కవరులా కాస్త మసక. బొమ్మ తేటగా కనబడదు గానీ పుస్తకానికి హాని లేదు. పాలీప్రొపిలీన్ కొత్త చొక్కా ప్యాకెట్‌లా కరకరలాడుతుంది, మెరుస్తుంది. హైదరాబాద్ బేగంబజార్ లాంటి హోల్‌సేల్ చోట్ల బట్టల ప్యాకింగ్ కోసం అమ్మే బీఓపీపీ కవర్లు ఈ జాతివే. అక్కడ మందాన్ని మైక్రాన్లలో చెబుతారు, కామిక్స్ వాళ్లు ‘మిల్’ అంటారు. ఒక మిల్ అంటే దాదాపు 25 మైక్రాన్లు. మీక్కావలసింది 50 మైక్రాన్లు, అంటే 2 మిల్. అంతకన్నా పల్చనివి మూలల దగ్గర చీలిపోతాయి. బట్టల కవర్లలో జారుడు కోసం కలిపే పదార్థాలు ఏళ్లు గడిచాక పైకి తేలి మసక పొర కడతాయి. మళ్లీ మళ్లీ చదువుకునే మామూలు ప్రతులకి ఇవి చాలు. అరుదైన వాటికి మాత్రం ‘పీఏటీ పాస్’ అని స్పష్టంగా రాసున్న కవర్లు కొనండి. ఫోటోలు భద్రపరిచే సామగ్రికి ఐఎస్ఓ 18916 ప్రకారం చేసే పరీక్ష అది. ‘ఆర్కైవల్’ అనే ఉత్త మాట ఎవరైనా అచ్చేసుకోవచ్చు.

పాలియెస్టర్‌ని మైలార్ అని పిలవడం అలవాటైపోయింది. మన్నికలో దీన్ని మించింది లేదు, అందులో మెత్తపరిచే రసాయనాలూ ఉండవు. రెండు చిక్కులున్నాయి. కొత్త కవరు అంచు చురుగ్గా ఉండి పుస్తకం మూలని గీరుతుంది. స్టాటిక్ విద్యుత్తు వల్ల పొడిబారి రాలుతున్న కాగితపు పెచ్చుల్ని లాగేస్తుంది కూడా. 2 మిల్ మామూలు వాటికి సరిపోతుంది. 4 మిల్ బరువైన, అపురూపమైన ప్రతులకి.

జిరాక్సు షాపుకి తీసుకెళ్లి పుస్తకం పైఅట్టని లామినేషన్ చేయించడం మాత్రం ఎప్పటికీ వద్దు. వేడికి కరిగిన జిగురు కాగితం నారలోకి దిగుతుంది, మళ్లీ ఊడిరాదు.

అట్ట

స్టేషనరీ షాపులో ‘అట్ట’ అంటే ఇచ్చేది చాలాసార్లు బూడిదరంగు గ్రే బోర్డో, ఒకవైపు తెల్లగా రెండోవైపు బూడిదగా ఉండే డ్యూప్లెక్సో. రెండూ పాత కాగితాల గుజ్జుతో చేసినవి. వాటిని పుస్తకం వెనక పెట్టడమంటే ఆమ్లాన్ని మీ చేత్తో మీరే వడ్డించడం. షాపులోనే ఓ మూల చింపి చూడండి. లోపలి పొర కూడా తెల్లగా ఉంటేనే ఆలోచించాలి.

తెల్లగా ఉన్నదల్లా మంచిదని కాదు. ఇంటికి తెచ్చాక ఓ ముక్కని సగం రేకుతో చుట్టి, ఎండ పడే కిటికీలో పది రోజులుంచండి. బయటున్న సగం పసుపెక్కితే లిగ్నిన్ ఉన్నట్టే, వదిలేయండి. పీహెచ్ పెన్ను దొరికితే ఇంకా మేలు. గీసిన చోట ఊదారంగు వస్తే సరే, పసుపుగానే ఉంటే ఆమ్లం. పైపూత మీద కాదు, చింపిన అంచున గీయాలి. పైన సుద్ద పూత పూసి లోపల చవక గుజ్జు పెట్టిన అట్టలు పైన గీస్తే దర్జాగా పాసైపోతాయి. ఇంకో మాట, ఆ పెన్ను మరక పోదు, పుస్తకం మీద గీయకండి.

కామిక్స్ కోసమే వచ్చే బోర్డులు 24 పాయింట్ల మందం, అంటే 0.6 మి.మీ. ఒకవైపు నున్నగా మెరుస్తుంది. ఆమ్లాన్ని పీల్చే కాల్షియం కార్బొనేట్ (సుద్ద) పూత ఉండేది ఆవైపే, కాబట్టి పుస్తకం ఆవైపు ఆనాలి. రెండువైపులా, లోపలంతా కార్బొనేట్ కలిపిన అట్టలు కూడా ఉన్నాయి, వాటికి ఎటు పెట్టినా ఒకటే. మన సైజులకి బోర్డులు దొరక్కపోతే, ఫొటో ఫ్రేములు కట్టే షాపులో యాసిడ్ ఫ్రీ మౌంట్ బోర్డు అడిగి కోయించుకోండి. అది మందంగా ఉంటుంది, కవరు లెక్కలో ఆ మందం కలుపుకోవడం మర్చిపోవద్దు.

22 × 28 అంగుళాల షీటులో పై ఉదాహరణ సైజు అట్టలు ఆరు వస్తాయి. వంద పుస్తకాలకి పదిహేడు షీట్లు. నిలువుగా కోసినా అడ్డంగా కోసినా ఆరే వస్తాయి కాబట్టి నార ఎటుందో చూసి కోయండి. షీటుని మెల్లగా రెండువైపులా వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది. ఆ వంపు గీత నిలువుగా, అంటే పుస్తకం వెన్నుకి సమాంతరంగా వచ్చేలా కోయాలి. అలా కోస్తే వానాకాలం తేమకి అట్ట పైనుంచి కిందికి చుట్టుకోదు.

బాగా పసుపెక్కిన ప్రతికి ఒక్క అట్ట సరిపోదు. పుస్తకం ముందు అట్ట లోపల ఒకటి, దాని వెనకట్ట లోపల ఒకటి పల్చని కాగితం పెట్టండి. ఇప్పుడొచ్చే జిరాక్సు కాగితాల్లో చాలావాటిలో సుద్ద ఉంటుంది. పెన్నుతో పరీక్షించి, పుస్తకం కన్నా రెండు మి.మీ. తక్కువగా కత్తిరించి వాడొచ్చు. రెండుకి మించితే వెన్ను ఉబ్బుతుంది.

పెట్టే పద్ధతి

ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. తేమ పీల్చుకున్న పుస్తకాన్ని కవర్లో మూసేస్తే బూజుకి ఇల్లు కట్టిచ్చినట్టే. కోస్తా జిల్లాల వాళ్లకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరాకే ముట్టుకోండి. క్రీము రాసుకున్న చేతులతో వద్దు.

1. మెత్తటి బ్రష్షుతో వెన్ను నుంచి బయటి అంచు వైపు దుమ్ము దులపండి. తడిబట్ట వాడొద్దు.
2. పిన్నులు చూడండి. తుప్పు పట్టి ఉంటే లాగకండి, కాగితంతో సహా ఊడొస్తాయి. నడిమి పేజీలో పిన్ను కింద సన్నని కాగితం పట్టీ పెడితే తుప్పు మరక పక్క పేజీకి పాకదు.
3. అట్ట బల్ల మీద పెట్టి, పుస్తకాన్ని దాని మీద మధ్యలో ఉంచి, రెండిటినీ కలిపి పట్టుకుని కవర్లోకి జార్చండి. అట్ట ముందే లోపల పెట్టి పుస్తకాన్ని తర్వాత తోస్తే కింది మూల తట్టుకుని మడతపడుతుంది.
4. నాలుకని అట్ట వైపుకి మడిచి, కవరుకీ అట్టకీ మధ్యలోకి దోపండి. టేపు అక్కర్లేదు.

టేపు మీద మాకు కోపం ఊరికే రాలేదు. పుస్తకం బయటికి లాగుతున్నప్పుడు విప్పిన టేపు అంచు దాని పైఅట్ట మీదికి వాలి, రంగుని పెచ్చులా లేపేస్తుంది. కొన్ని కవర్లకి నాలుక మీదే జిగురు పట్టీ ఉంటుంది. మన మే నెల ఎండకి ఆ జిగురు కరిగి పాకుతుంది కూడా. ఆ పట్టీని కత్తెరతో కోసి పారేసి, మిగిలిన నాలుకని దోపేయండి. కొనేటప్పుడే జిగురు కవరు ఒంటి మీద ఉన్న రకం దొరికితే అది కొంత నయం.

గాలి చొరబడకుండా సీలు చెయ్యాలనే ఆరాటమూ తప్పే. కాగితం నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి బయటికి పోయే దారి లేక అక్కడే తిరుగుతుంది. ఏళ్ల తర్వాత కవరు విప్పితే పుల్లటి వాసన వచ్చేది అందుకే.

పెట్టె, చోటు

అటక వద్దు. శ్లాబు కింద ఎండాకాలం వేడి అక్కడే పేరుకుంటుంది. గదిలోపలి గోడకి ఆనించిన బీరువా మంచిది. ట్రంకు పెట్టె చెదల్ని ఆపుతుంది గానీ చలికాలం రాత్రి ఇనుము చల్లబడి లోపల చెమరుస్తుంది. అడుగున, పక్కల అట్ట పరచండి. పెట్టె కింద ఇటుకలో చెక్కో పెట్టి నేల నుంచి నాలుగంగుళాలు లేపండి, గోడకి జానెడు దూరం ఉంచండి.

పుస్తకాలు నిలువుగా పెడితే వాలకుండా నిండుగా ఉండాలి, ఒకటి తీస్తే సులువుగా వచ్చేంత వదులూ ఉండాలి. సగం నిండిన పెట్టెలో అన్నీ ఒరిగిపోయి అట్టలతో సహా వంగుతాయి. ఖాళీని మడిచిన అట్టతో నింపండి. పడుకోబెట్టేట్టయితే దొంతర ఆరంగుళాలు దాటనివ్వకండి.

ఓ చిన్న తేమ మీటరు పెట్టెలో వేయండి. 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది, 50 దగ్గర ఉంటే మంచిది. సిలికా జెల్ పెట్టెలో వేయాలి గానీ కవర్లో కాదు. ట్రంకు సైజు పెట్టెకి 100 గ్రాములతో మొదలుపెట్టి మీటరు చూసి పెంచండి. నారింజ గుళికలు రంగు మారాక ఓవెన్లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నాఫ్తలీన్ ఉండలు వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కీ పడదు, మన ఊపిరికీ పడదు. వేపాకు వేసే అలవాటుంటే పూర్తిగా ఎండిన ఆకుని గుడ్డ మూటలో కట్టి పెట్టె మూల పడేయండి. పచ్చాకు మరక చేస్తుంది.

రెండేళ్లకోసారి ఓ పది కవర్లు విప్పి చూడండి. కవరు అలల్లా ముడతలు పడ్డా, మసకబారినా, చేతికి జిగటగా తగిలినా మొత్తం కట్ట మార్చే సమయం వచ్చినట్టే. అట్టని వెలుతురులో పట్టుకుంటే పుస్తకం ఆనిన మేర గోధుమరంగు నీడ అచ్చుపడి కనిపిస్తుంది కొన్నిసార్లు. ఆ అట్ట తాగాల్సింది తాగేసిందన్నమాట, దాన్ని తిప్పి రెండోవైపు వాడకండి, తీసేసి కొత్తది పెట్టండి. మార్చిన నెల, సంవత్సరం కొత్త అట్ట వెనక, పై మూలన పెన్సిల్‌తో రాయండి, అదీ కవర్లో పెట్టకముందే. బాల్‌పెన్ను ఒత్తిడి అచ్చు అవతలివైపు పడుతుంది.