దక్షిణ ధ్రువ సముద్రాల హైడ్రాయిడ్‌ను గుర్తించి వర్ణించడం ఎలా?

అంటార్కిటికా తీరంలో సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఆ నీటి అడుగున రాళ్ల మీద, స్పాంజ్‌ల మీద ఈకల్లా, పొదల్లా కొన్ని గుబుర్లు పెరుగుతుంటాయి. చూసినవాళ్లు నాచు అనుకుంటారు గానీ అవి హైడ్రాయిడ్లు అనే జంతువులు. జువాలజీ చదివినవాళ్లకు ఒబీలియా గుర్తుండే ఉంటుంది, ఇవీ ఆ కోవకు చెందినవే. ఒక్కో కాలనీలో వందల పాలిప్‌లు, అంటే నోటి చుట్టూ చేతులున్న చిన్న గొట్టాల్లాంటి జీవులు ఉంటాయి. వీటిలో ఒక పెద్ద వర్గంలో ప్రతి పాలిప్ చుట్టూ కైటిన్ అనే గట్టి పదార్థంతో చేసిన చిన్న గిన్నె ఉంటుంది. దాని పేరు హైడ్రోథీకా. కాలనీ అందం చూసి మురిసిపోండి, పేరు మాత్రం ఈ గిన్నెను చూశాకే పెట్టండి.

1. నమూనాను జాగ్రత్త చేయండి

అంటార్కిటికాలోని లార్స్‌మన్ హిల్స్‌లో 2012 నుంచి నడుస్తున్న మన భారతి పరిశోధన స్థావరం సముద్రం ఒడ్డునే ఉంది. అయినా అక్కడికెళ్లి ఎవరికి వారు సేకరించుకోవడం కుదరదు. 2022 నాటి భారత అంటార్కిటిక్ చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. మనలో చాలామందికి దొరికేది యాత్రలు తెచ్చిన పాత సీసాలే, నేర్చుకోవడానికి అవి చాలు.

తాజా కాలనీ దొరికితే మాత్రం రెండు భాగాలు చేయండి. ఒకటి పది శాతం ఫార్మలిన్‌లో వేస్తే ఆకారం చెడకుండా ఉంటుంది. రెండోది 95 శాతం ఆల్కహాల్‌లో పెడితే డీఎన్ఏకి పనికొస్తుంది. ఫార్మలిన్‌లో వేసేముందు కాస్త మెంథాల్‌తో మత్తు ఇస్తే పాలిప్‌లు ముడుచుకోకుండా చేతులు చాపి ఉంటాయి. చోటు, లోతు, తేదీ పెన్సిల్‌తో రాసిన కాగితం సీసా లోపలే వేయండి. బయట అంటించిన లేబుల్ ఊడిపోతే ఆ నమూనాకు ఊరూ పేరూ ఉండదు.

2. అసలు హైడ్రాయిడేనా?

ఎక్కువగా మోసపోయేది బ్రయోజోవన్ల దగ్గరే, అవీ నాచులా కాలనీలుగా పెరిగే వేరే జంతువులు. ఒక చిన్న ముక్క మీద వెనిగర్ చుక్క వేయండి. బుడగలొస్తే అందులో సున్నం ఉందన్నమాట, చాలావరకు బ్రయోజోవనే. హైడ్రాయిడ్ల కైటిన్ తొడుగు పొంగదు. కానీ స్టైలాస్టరిడ్‌లు అనే సున్నపు హైడ్రోజోవన్లు, అంటే హైడ్రాయిడ్ల బంధువులు, ఈ దక్షిణ జలాల్లో ఉన్నాయి కాబట్టి బుడగలు రాగానే పక్కన పడేయకండి. అనుమానం ఉంటే కుట్టే కణాల కోసం వెతకండి. అవి హైడ్రాయిడ్‌లో ఉంటాయి, బ్రయోజోవన్‌లో ఉండవు.

3. గిన్నె అంచు చూడండి

ఓపిక ఎక్కువ కావలసింది ఇక్కడే. గిన్నె అసలు లేకపోతే అది ట్యూబ్యులేరియా లాంటి వర్గం, దాని దారి వేరు. గిన్నె ఉంటే మొదట చూడాల్సింది దానికి కాడ ఉందా, నేరుగా కొమ్మకే అతుక్కుని ఉందా అన్నది. కాడ మీద గంటలా ఉంటే క్యాంపాన్యులారియా కుటుంబం వైపు వెళ్లండి. పెద్ద సముద్రపు నాచుల ఆకుల మీద పాకే ఒబీలియా జెనిక్యులాటా ఇలాంటిదే.

కొమ్మకు రెండు వైపులా అతుక్కున్న గిన్నెలైతే అసలు పరీక్ష మొదలవుతుంది. అంచుకు మూడు పళ్లు ఉండి, మూడు రెక్కల మూత ఉంటే సింప్లెక్టోస్కైఫస్. నాలుగు పళ్లు, నాలుగు రెక్కలు ఉంటే సెర్టులరెల్లా. వినడానికి తేలికే. కానీ పక్క నుంచి చూస్తే ఒక పన్ను ఇంకో పన్ను వెనక దాక్కుంటుంది, మూడు రెండుగా, నాలుగు మూడుగా కనిపిస్తాయి. అందుకే ముక్కను గ్లిజరిన్‌లో ఉంచి సన్నటి సూదితో నెమ్మదిగా దొర్లించండి. మూత నేరుగా మన వైపు తిరిగినప్పుడు రెక్కలు కలిసే గీతలు కనిపిస్తాయి, ఆ గీతలు లెక్కపెట్టండి. పాత గిన్నెల్లో మూత రాలిపోయి, పళ్లు అరిగిపోయి ఉంటాయి. కొన్నిటికి పాత అంచు మీదే కొత్త అంచు పెరిగి ఒకదానిపై ఒకటి వలయాల్లా ఉంటుంది. అవన్నీ వదిలేసి కొత్తగా పెరిగిన కొమ్మల మీది గిన్నెల్నే నమ్మండి.

ఆల్కహాల్ నుంచి తీసి ఒక్కసారిగా గ్లిజరిన్‌లో వేయకండి, పల్చటి గిన్నెలు కుంచించుకుపోతాయి. నీళ్లు కలిపిన గ్లిజరిన్‌తో మొదలుపెట్టి మెల్లగా చిక్కదనం పెంచుకుంటూ పోవాలి.

ఆస్వాల్డెల్లా అనే ప్రజాతి అంటార్కిటికా ప్రాంతానికి బాగా ప్రత్యేకమైనది. దాని గిన్నె చిన్నది, అంచుకు పళ్లుండవు. అక్కడ కొమ్మ చీలే మూలల్లో ఉండే నెమటోఫోర్‌లు, అంటే కుట్టే కణాలు మోసే చిన్న పాలిప్‌లు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి.

4. గోనోథీకా కోసం వెతకండి

సంతానోత్పత్తి భాగాన్ని కప్పే తొడుగే గోనోథీకా. గిన్నెలు ఒకేలా ఉన్న రెండు జాతుల్ని చాలాసార్లు ఇదే విడదీస్తుంది. అది నున్నగా ఉందా, వలయాలున్నాయా, నోరు ఎక్కడుంది అన్నవి రాసుకోండి. ఇక్కడి హైడ్రాయిడ్లలో చాలావాటికి జెల్లీఫిష్‌లా స్వేచ్ఛగా ఈదే మెడూసా దశ ఉండదు, కాబట్టి దాని కోసం ఎదురుచూడకండి. గోనోథీకా దొరక్కపోతే ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోవడం మంచిది. అలా ఆగిపోతే తప్పేం లేదు.

5. కొలవండి, గీయండి

కొమ్మ మధ్య భాగం నుంచి కనీసం పది గిన్నెలు కొలవండి. పొడవు, నోటి దగ్గర వెడల్పు, కొమ్మకు అతుక్కున్న భాగం, అతుక్కోకుండా విడిగా ఉన్న భాగం వేర్వేరుగా మైక్రాన్లలో రాయండి. సగటు ఒక్కటే ఇవ్వకండి, అతి చిన్నది, అతి పెద్దది కూడా ఇవ్వండి. కుట్టే కణాల్లో పేలనివే, అంటే లోపలి దారం ఇంకా బయటికి విసరనివే ఎంచుకుని కొలవాలి.

ఫొటో ఉన్నా సరే, బొమ్మ గీయండి. ఫొటోలో ఒక్క లోతే స్పష్టంగా ఉంటుంది, బొమ్మలో అంచు పళ్లన్నీ చూపించొచ్చు. స్కేల్ గీత లేని బొమ్మ ఎందుకూ కొరగాదు. అంటార్కిటికాకు వెళ్లిన 1910–13 బ్రిటిష్ టెర్రా నోవా యాత్ర తెచ్చిన హైడ్రాయిడ్ల వర్ణన అచ్చయింది 1930లో, ఇప్పటికీ దాన్ని తీసి చూస్తున్నారు. మీ నమూనాను ఎన్నడూ చూడని మనిషి మీ కొలతలతోనే తన నమూనాను పోల్చుకుంటాడు. అందుకే ‘చిన్నది’, ‘కాస్త వంగినది’ లాంటి మాటలకు బదులు అంకె వేయండి.

6. కొత్త జాతి అనిపిస్తే

ముందు ప్రపంచ హైడ్రోజోవా డేటాబేస్‌లో ప్రస్తుతం చెల్లే పేరు చూడండి, పాత పేర్లు చాలా మారాయి. దగ్గరి జాతుల టైప్ నమూనాలను, అంటే ఆ పేర్లకు ఆధారమైన అసలు నమూనాలను, మ్యూజియం నుంచి తెప్పించుకుని గానీ, మంచి ఫొటోలు అడిగి గానీ పక్కపక్కన పెట్టి చూడండి. జాతుల్ని పోల్చడానికి వాడే 16ఎస్ జన్యువు చదివిస్తే తోడుగా ఉంటుంది, కానీ అది ఆకారాన్ని చూసే పనికి ప్రత్యామ్నాయం కాదు.

అప్పటికీ కొత్తదే అనిపిస్తే ఒక్క నమూనాను హోలోటైప్‌గా, అంటే కొత్త పేరుకు ఆధారంగా, ఎంచుకుని, ఎవరైనా వచ్చి చూడగలిగే మ్యూజియంలో పెట్టి, దాని నమోదు సంఖ్యను వ్యాసంలో రాయండి. ఆన్‌లైన్ పత్రికలోనే అచ్చయితే ముందే జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ నమోదు అయిన జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ సంగతి వ్యాసంలో చెప్పాలి. అలా చేయని పేరు చెల్లదు.