కోలాటం కర్రలతో చెయ్యి మళ్లీ లేచింది

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు కూడా తీశాక నా కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. తల మీద కొంగు కప్పుకోవడమే గగనమైంది. మా కోలాటం బృందం దేవుని కడప రథసప్తమికి సాధన చేస్తుంటే ఇంట్లో కూర్చుని ఏడ్చేదాన్ని.

గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం విసుగొచ్చి మానేశాను. ఒకరోజు అటక మీది కర్రలు దింపించి, డాక్టరు సరేనన్నాక, కుర్చీలో కూర్చునే మొదలుపెట్టాను. తకధిమి తకజణు, ఎనిమిది లెక్కలు. చివరి దెబ్బకు కర్రలు తలపైన కలవాలి. మొదట గడ్డం దగ్గరే కలిసేవి. కొన్ని వారాలకు బొట్టు దాకా వచ్చాయి. నొప్పి పుడితే అక్కడే ఆపేదాన్ని. చెయ్యి వాచినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.

కీమో ఎక్కించాక రెండు మూడు రోజులు కర్ర ముట్టలేదు. పాక్లిటాక్సెల్ మందుతో అరికాళ్లు మొద్దుబారితే, తిరగడం మానేసి కూర్చునే పాదాలతో తాళం వేశాను.

నాలుగో నెలలో మా వదిన ఎదురుగా నిలబడి తన కర్ర పైకెత్తి పట్టుకుంది. కొట్టాను. ఠక్కుమని మోగింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఇద్దరం ఆపలేదు.