ఆక్లాండ్‌లో మా గోడకు బిల్డింగ్ కన్సెంట్ (నిర్మాణ అనుమతి) ఎలా వచ్చిందంటే: నా అనుభవం

పైఅంతస్తు కోసం అప్లై చేస్తే కౌన్సిల్‌ది ఒకటే ప్రశ్న: వాననీరు గోడలోకి రాదని ఆధారం ఏది? బాల్కనీ వైపు గోడకు రిస్క్ స్కోర్ (నీరు చొరబడే ముప్పును కొలిచే అంకె) 20 దాటింది. అంటే ‘ఈ2/ఏఎస్1’ (క్లుప్తంగా ఏఎస్1) అనే, కోడ్‌కు సరిపోతుందని ముందే ఒప్పుకున్న రెడీమేడ్ పద్ధతి మాకు వర్తించదు. మనం జవాబిచ్చేదాకా కౌన్సిల్ నిర్ణయం చెప్పాల్సిన 20 పనిదినాల గడువు కూడా ఆగిపోతుంది, అదొక టెన్షన్.

కంపెనీ బ్రోచర్, పక్కింటి ఫొటోలు, ఫోన్‌లో బతిమాలడం: ఏదీ పనిచేయలేదు.

న్యూజిలాండ్ బిల్డింగ్ కోడ్ గోడ ఎలా కట్టాలో కాదు, ఆ గోడ ఏం చేయాలో చెబుతుంది. అందుకే డిజైనర్‌తో కూర్చుని ముందు క్లాజులు రాశాం. ఈ2.3.2: నష్టం చేసేలా నీరు చొరకూడదు. బీ2: క్లాడింగ్ (గోడ బయటి తొడుగు) కనీసం 15 ఏళ్లు నిలవాలి. తర్వాత ఏఎస్1 డ్రాయింగుల పక్కన మావి పెట్టి, తేడా ఉన్న చోట్లు మాత్రమే పట్టికలో వేశాం. నాలుగే తేలాయి. అసలు చిక్కు బాల్కనీ గోడను కలిసే చోట. అక్కడ ఫ్లాషింగ్ (సందుల్లోకి నీరు పోకుండా అడ్డుపెట్టే రేకు), క్లాడింగ్ వెనక చేరిన నీరు బయటికి జారే ఖాళీ, రెండూ పెద్ద స్కేల్లో గీయించాం. పక్కనే ‘ఏఎస్1 కన్నా ఇది ఎందుకు తక్కువ కాదు’ అని రెండు వాక్యాలు. చివరగా ఇంజనీరు పీఎస్1, అంటే డిజైన్ కోడ్‌కు సరిపోతుందని ఆయన సంతకం చేసి ఇచ్చే పత్రం. అందులో క్లాజు నంబరు, డ్రాయింగు నంబరు రెండూ ఉండాలని పట్టుబట్టాను.

ఈసారి ఒప్పుకున్నారు. పట్టిక వల్లేనని నా నమ్మకం, పీఎస్1 వల్ల కూడా కావచ్చు. పీఎస్1కి చట్టంలో ప్రత్యేక హోదా లేదు, తీసుకోవడం కౌన్సిల్ ఇష్టం. ఫైర్ క్లాజులకు ఇదే దారి సరిపోతుందని చెప్పలేను. స్కోర్ 20 దాటకపోతే మాత్రం ఏఎస్1 దారినే వెళ్లండి.