రెండు రూపాయల వడ్డీ, 72 లెక్క

మా అనంతపురం వైపు శెనక్కాయ సాగుకు అప్పు తెస్తే వడ్డీ మాట రూపాయల్లోనే నడుస్తుంది. రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. 72ను ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే అప్పు రెట్టింపయ్యే ఏళ్లు దాదాపుగా వస్తాయి, అదే 72 లెక్క. 72ను 24తో భాగించండి, 3 వస్తుంది. వడ్డీని ఏటా అసలులో కలుపుతూ పోతే దాదాపు మూడేళ్లకు అప్పు రెట్టింపన్నమాట. లాగరిథమ్‌తో కచ్చితంగా లెక్కిస్తే 3.2 ఏళ్లు. నోటి లెక్కకు ఆ మాత్రం తేడా పర్వాలేదు.

"మాది బారువడ్డీ కదా, టెన్షన్ లేదు" అనుకుంటారు చాలామంది. అసలు కిటుకు అక్కడే ఉంది. ప్రామిసరీ నోటు మీద కోర్టుకెళ్లే గడువు మూడేళ్లు కాబట్టి ఆలోపే తిరగరాయిస్తారు. అప్పుడు వడ్డీని కలిపి కొత్త అసలు వేశారంటే, పేరు ఏదైనా అది చక్రవడ్డీయే. లక్షకు మూడేళ్ల వడ్డీ 72 వేలు, కొత్త నోటు 1,72,000కు. ఆరేళ్లు నిండేసరికి 2,95,840. కలపకుండా ఉంటే 2,44,000తో పోయేది.

అందుకే గడువులోపే ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మూడేళ్లు లెక్కకొస్తుంది. ఇచ్చినాయనకూ భయం ఉండదు, నోటు తిరగరాసే పనీ ఉండదు.

జనాభా రెట్టింపుకూ ఈ 72 సూత్రమే. కాకపోతే చిన్న శాతాలకు 72 కన్నా 70 దగ్గరగా వస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 2001లో 36.4 లక్షలు, 2011లో 40.8 లక్షలు. ఏడాదికి సుమారు 1.15 శాతం, అదే వేగమైతే రెట్టింపుకు 61 ఏళ్లు.