అనధికార దూతను పంపే ముందు చూసుకోవాల్సినవి

• ఏం చెప్పాలో, ముఖ్యంగా ఏం ఒప్పుకోకూడదో కాగితం మీద పెట్టండి. 1962 అక్టోబరులో, క్యూబా క్షిపణుల సంక్షోభం మధ్య, టీవీ విలేకరి జాన్ స్కాలీ, సోవియట్ గూఢచారి ఫెక్లిసోవ్ వాషింగ్టన్‌లో ఒక రెస్టారెంట్లో కలిశారు. రాజీ మాట ముందు ఎవరెత్తారో తర్వాత ఇద్దరూ చెరోలా చెప్పారు!

• మీడియాతో ఎప్పుడు మాట్లాడాలో ముందే తేల్చుకోండి. అసలు టెన్షన్ ఇక్కడే. 1994 జూన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లి, అణు వివాదంపై ఆ దేశాధినేత కిమ్ ఇల్ సుంగ్‌తో మాట్లాడి, ఆ విషయం సీఎన్ఎన్‌లో చెప్పేశారు. సరిగ్గా అప్పుడే వైట్‌హౌస్‌లో దక్షిణ కొరియాకు అదనపు బలగాలు పంపడంపై చర్చ నడుస్తోంది. పైగా ఉత్తర కొరియాపై ఆంక్షల ప్రయత్నం ఆగిపోయిందని ఆయన అంటే, అలాంటిదేమీ లేదని క్లింటన్ ప్రభుత్వం చెప్పుకోవాల్సి వచ్చింది. (న్యాయంగా చెప్పాలంటే, ఆ పర్యటన లేకపోతే అక్టోబరులో జెనీవాలో అణు ఒప్పందం కుదిరేదా అన్నది అనుమానమే.)

• అక్కడున్న మన రాయబారికి కబురు అందిందా? లేకపోతే ఆయన ఒకటి, ఈయన ఒకటి చెబుతారు.

• ఆ దేశంలో దూతకు సొంత వ్యాపారం ఉంటే వద్దు.

• చట్టం చూసుకోండి. అనుమతి లేకుండా పౌరులు విదేశీ ప్రభుత్వాలతో వివాదాలపై మంతనాలు జరపకూడదనే 1799 నాటి లోగన్ చట్టం అమెరికాలో ఇప్పటికీ ఉంది.