కొరాపుట్ చలికి పెరటి కోళ్లను కాపాడుకోవడం

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కాక పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ, కొరాపుట్ అన్నీ దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్న ఊళ్లే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 10 డిగ్రీల లోపు చలి పడుతుంది, పొద్దెక్కేదాకా మంచు వదలదు. అయినా ఎదిగిన కోడి ఈ చలిని తట్టుకుంటుంది. దాని ఒంటి వేడి 41 డిగ్రీలు. ఈకలు పొడిగా ఉంటే వాటిని ఉబ్బించుకుని ఆ వేడిని రాత్రంతా నిలుపుకుంటుంది. చలికి భయపడి మనం గూటిని టార్పాలిన్‌తో బిగించేసినప్పుడే దానికి ముప్పు మొదలవుతుంది.

గూడు మూసేస్తే కోళ్ల ఊపిరిలోని తేమ, రెట్టలోని తేమ బయటికి పోవు. పైకప్పుకు పట్టి తెల్లారేసరికి బొట్లుగా ఈకల మీద పడతాయి. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా లేచి శ్వాసనాళాన్ని దెబ్బతీస్తుంది. ఆ తర్వాత గురక, ముక్కు కారడం, కళ్ల వాపు వరసగా వస్తాయి. పొద్దున్నే గూడు తలుపు తీసి తల లోపల పెట్టి చూడండి. మీ కళ్లు మండితే కోళ్లు రాత్రంతా ఆ గాలే పీల్చాయని అర్థం.

10 కోళ్లకు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. తలుపు దక్షిణం వైపు పెడితే చలికాలపు ఎండ లోపలిదాకా వస్తుంది. గోడలు 4 అడుగుల ఎత్తు వరకు సందు లేకుండా ఉండాలి. ఆపైన, చూరు కింద రెండు వైపులా 6 అంగుళాలు ఖాళీ వదిలి అరంగుళం కన్ను జాలీ కొట్టండి. గాలి కోళ్ల తలల మీదుగా పోవాలి, ఒంటికి తగలకూడదు. ఉత్తరపు గోడకు గోనె సంచులు కట్టుకోవచ్చు, కానీ ఆ ఖాళీని కప్పకండి. పొద్దున 8 గంటలకల్లా సంచులు తీసి ఎండలో ఆరేయండి.

కోళ్లు పడుకునే కర్ర రెండంగుళాల వెడల్పున చదునుగా ఉండాలి. అప్పుడే పొట్ట ఈకలు కాలి వేళ్లను కప్పుతాయి. నేలకు 2 అడుగుల ఎత్తున, ఒకే మట్టంలో, 4 అడుగుల కర్రలు రెండు వేయండి. వనరాజ లాంటి బరువు కోళ్లకు అడుగున్నర ఎత్తు చాలు.

కింద వరి ఊక 4 అంగుళాల మందం పోసి మూడు రోజులకోసారి తిరగేయండి. గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. విప్పాక రాలిపోతే బాగుంది, ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైంది. తడిసిన చోటు ఎత్తిపోసి, నీళ్లతో చల్లార్చి ఆరబెట్టిన సున్నప్పొడి కొంచెం కలిపి కొత్త ఊక వేయండి. చల్లార్చని సున్నం మాత్రం వద్దు, కాళ్లు కాలతాయి.

పిల్లల సంగతి వేరు. వాటికి ఈకలు వచ్చేదాకా వేడి మనమే ఇవ్వాలి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. 50 పిల్లలకు అడుగున్నర ఎత్తు రేకుతో 5 అడుగుల అడ్డకొలత వలయం కట్టి, నడుమ ఫిలమెంటు బల్బులు వేలాడదీయండి. ఎల్ఈడీ బల్బు వేడినివ్వదు. పిల్లకు 2 వాట్ల చొప్పున లెక్క వేస్తారు గానీ, ఈ కొండల మీద రాత్రిపూట 3 వాట్లు పెట్టుకోవడం మంచిది. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా పోగైతే చలి, దూరంగా వెళ్లి నోరు తెరిస్తే ఎక్కువ వేడి, అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోంది.

కరెంటు పోతే బొగ్గుల కుంపటి లోపల పెట్టకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తెల్లారేసరికి పిల్లలన్నీ చచ్చి ఉంటాయి. వేడినీళ్లు పోసి మూత బిగించిన సీసాలకు గోనె చుట్టి పెట్టండి. చల్లారగానే మార్చండి. పది పన్నెండు పిల్లలే అయితే పొదిగిన పెట్టను మించిన ఏర్పాటు లేదు.

చలికి కోడి ఎక్కువ తింటుంది. మామూలు దాణాతో పాటు సాయంత్రం గూట్లోకి వెళ్లే ముందు కోడికి 30 గ్రాముల మొక్కజొన్న నూక గానీ చోళ్లు (రాగులు) గానీ వేయండి. సంతలో మాండియా అని అడిగితే ఇచ్చేవి ఈ చోళ్లే. రాత్రంతా అవి అరుగుతూ ఒంటికి వేడినిస్తాయి. పొద్దున నీళ్లు గోరువెచ్చగా పోయండి. చన్నీళ్లను కోడి సరిగా తాగదు, తాగకపోతే తినదు, గుడ్లూ తగ్గుతాయి. ఓ మూల పాత టబ్బులో పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి ఉంచితే పొర్లి పేలు వదిలించుకుంటాయి.

ఇక కొక్కెర తెగులు (రాణికెట్). వచ్చాక దీనికి మందు లేదు. పిల్లకు ఏడో రోజున లసోటా టీకా చుక్క కంట్లో వేయాలి. ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా అర మి.లీ. రెక్క దగ్గర చర్మం కిందికి ఇవ్వాలి. దానికి వారం ముందు నులిపురుగుల మందు వేయించండి. టీకాను ఐసులో తెచ్చి, కలిపాక 2 గంటల్లో వాడేయాలి. సీసాలో 100 మోతాదులు ఉంటాయి కాబట్టి వీధిలో వాళ్లందరి కోళ్లకూ ఒకే రోజు వేయిస్తే వృథా పోదు.

సంతలో కొన్న కోడిని మూడు వారాలు విడిగా ఉంచండి. దాని గిన్నె వేరు, మేత వేసే వరస కూడా చివరే. పచ్చని రెట్ట, మెడ మెలి తిరగడం కనిపిస్తే వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. చనిపోయిన కోడిని వాగులో పడేయకుండా మూడడుగుల గొయ్యిలో సున్నం చల్లి పూడ్చండి.